భీమా ఒడ్డు గుర్రం

మా పటాన్‌చెరు వైపు ఇప్పుడు గుర్రమంటే బరాత్ గుర్రమే. ఫంక్షన్ హాలు ముందు బ్యాండు మోతకు, పటాకుల చప్పుడుకు చెవులు వెనక్కి వాల్చి నిలబడుతుంది. పైన కప్పిన జరీ గుడ్డ తీస్తే డొక్కలు లెక్కపెట్టొచ్చు. కర్దనూర్‌లో పెరిగిన నాకు గుర్రం మీద మనసు పడింది అక్కడ కాదు, నాందేడ్ జిల్లా మాళేగావ్ జాతరలో.

సంగారెడ్డి దాటి అకోలా రహదారి పట్టుకుంటే జోగిపేట, మద్నూరు, దెగ్లూరు మీదుగా నాందేడ్. అక్కడి నుంచి లోహా వైపు వెళ్తే మాళేగావ్. మార్గశిరం చివర్లో ఖండోబా జాతర జరుగుతుంది. ఖండోబా మనకు పరాయి దేవుడు కాదు, మన మల్లన్నే. గుర్రమెక్కే దేవుడు కాబట్టి ఆయన జాతరలో గుర్రాల సంత జరగడం సహజం.

సంతలో జనమంతా మార్వారీ గుర్రాల చుట్టూ మూగుతారు. మూగరా మరి! చెవుల కొనలు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకుతుంటాయి. మెడ ఎత్తి నిలబడితే రాజసం. కొనేవాళ్ళు పళ్ళు చూస్తారు, సుడులు వెతుకుతారు, పంచకళ్యాణి అయితే ధర పెంచుతారు. నేనూ ఆ వరసలోనే చాలాసేపు తిరిగాను. సంత చివర, గొర్రెల మంద పక్కన, మేకుకు కూడా కట్టకుండా వదిలిన చిన్న గుర్రం ఒకటి కనబడింది. మూపు నా ఛాతీ దాకా వస్తుందేమో. జేగురు రంగు, సన్న కాళ్ళు. గిట్టలు మాత్రం నల్లరాయి. లాడాలు లేవు. వీపు మీద బరువు ఒరుసుకున్న చోట వెంట్రుకలు తెల్లబడ్డాయి. దాని మీద వంటపాత్రలు, గొంగళ్ళు, ఒక సంచిలోంచి తల బయటపెట్టి చూస్తున్న గొర్రెపిల్ల.

కాపరిది సోలాపూర్ వైపు. వచ్చీరాని తెలుగు మాట్లాడతాడు.

"అమ్ముతావా మామా?" అన్నాను.

"ఇది పోతే నా ఇల్లు ఎవరు మోస్తరు బిడ్డా?" అన్నాడు.

ఆ గుర్రం జాతి పేరు భీమ్‌థడి. దక్కనీ గుర్రమని కూడా అంటారు. పుణె, సతారా, సోలాపూర్ జిల్లాల్లో గొర్రెల కాపరులు మందల వెంట దీన్ని నడిపిస్తారు. ఒకప్పుడు భీమా నది ఒడ్డున దేశవాళీ గుర్రాలకు అరబ్బు గుర్రాల రక్తం కలిసి తయారైన జాతి ఇది. మరాఠా రౌతులు మొగలుల భారీ సైన్యాలను కొండదారుల్లో ముప్పుతిప్పలు పెట్టింది ఇలాంటి చిన్న గుర్రాల మీదే. తక్కువ మేత, ఎక్కువ నడక. ఆ భీమా నది మన నారాయణపేట జిల్లా అంచునే కృష్ణలో కలుస్తుంది.

విదేశీ గుర్రం మీద మోజు మనకు పాతదే. విజయనగరాన్ని ఏలిన సాళువ నరసింహుడు హోర్ముజ్ నుంచి వచ్చే గుర్రాలను బతికున్నా చచ్చినా కొనేవాడని, సముద్రంలో చచ్చినదానికి తోక తెచ్చి చూపినా డబ్బిచ్చేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. ఇప్పుడు మలక్‌పేట రేసుకోర్సులో పరుగెత్తే థరోబ్రెడ్‌లూ ఇంగ్లండులో తయారైన జాతే. కాపరి గుర్రానికి మాత్రం చాలాకాలం జాతిగా గుర్తింపే లేదు. ఈ మధ్యనే కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ దాన్ని దేశీయ జాతుల్లో నమోదు చేసింది. అదే విడతలో మన మాచర్ల గొర్రె కూడా ఉంది. ఆ వార్త చదివి పండగ చేసుకున్నాను.

అప్పటి నుంచీ ఒక భీమ్‌థడి ఆడగుర్రాన్ని తెచ్చుకోవాలని ఆశ. మా ఊరి చుట్టూ వెంచర్లు లేచాయి. మాకు మిగిలినవి కొన్ని గుంటలు. అయినా చోటుంది. గుర్రానికి కావాల్సిన ఎండు జొన్నచొప్ప ఇంకా జహీరాబాద్ వైపు నుంచి దొరుకుతుంది. ఉడికించిన ఉలవలు కొద్దిగా పెడితే చాలు. అతిగా పెడితే ముప్పు. గుర్రం కక్కుకోలేదు. కడుపులో మేత చిక్కుకుంటే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది.

నాకున్న అసలు దిగులు నీళ్ళు. రోజుకు పాతిక, ముప్పై లీటర్లు తాగే జీవం అది. ఫ్యాక్టరీల వ్యర్థాలతో నక్కవాగు ఏమైందో మా మండలంలో అందరికీ తెలుసు. ఆ వాగు నీళ్ళు తాగించను, దాని ఒడ్డు గడ్డి మేపను. బోరు నీళ్ళు పరీక్ష చేయించాకే కొట్టం కట్టాలనుకున్నాను. ఇంకోటి, గుర్రం మంద జీవం. ఒంటరిగా కట్టేస్తే బెంగపడి కొయ్య కొరుకుతుంది. తెస్తే తల్లీపిల్లా రెండూ తేవాలి. పాతికేళ్ళకు పైగా బతికే జీవం కాబట్టి నా తర్వాత చూసేవాళ్ళెవరో కూడా ఇంట్లో తేల్చుకోవాలి. ఇంత ఆలోచించకుండా గుర్రం కొనేవాళ్ళను చూస్తే నాకు కోపం వస్తుంది.

భీమ్‌థడిని మార్వారీ మగగుర్రంతో దాటించి పొడుగు పిల్లలను తీద్దామనే మాట సంతల్లో వింటున్నాను. అలా చేస్తే ఊరేగింపు గుర్రం దొరకొచ్చు గానీ గుట్టలెక్కే కాళ్ళు, ఎండకు ఓర్చే ఒళ్ళు, తక్కువ మేతతో బతికే గుణం రెండు మూడు తరాల్లో కరిగిపోతాయి. కాపరులు వలస మానేసి సామాన్లకు ట్రాలీ ఆటో కట్టుకుంటున్న కాలంలో ఈ జాతికి ఇంకో ఆదరువు కావాలి. అది మనలాంటివాళ్ళమే కావాలి.

మీకూ కాస్త చోటు, ఓపిక ఉండి గుర్రం కొనాలని ఉంటే మాళేగావ్ సంతలో చివరి వరస దాకా నడవండి. కాపరిని అడగండి. కొన్నాక దాన్ని అదే జాతి మగగుర్రంతోనే దాటించండి.