ఢాం... ఢాం... మా మారుతి సౌండ్ ఎఫెక్ట్స్!

సినిమాలో కారు ‘ఢాం’ అంటే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? కమెడియన్ మొహం నిండా మసి! హీరోయిన్ కిలకిలా నవ్వుతుంది. ఆ వెంటనే పాట! కానీ పొద్దున్న ఎనిమిదిన్నరకి, పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కుతూ, వెనక వరసగా బళ్ళు హారన్లు కొడుతుండగా మీ కారే ‘ఢాం’ అందనుకోండి... ఎవరూ నవ్వరు. పాట అసలే రాదు. పక్కన స్కూటర్ మీద వెళుతున్న పెద్దాయన ఉలిక్కిపడి బ్రేకు వేసి నా వంక చూసిన చూపు ఇంకా నా కళ్ళముందే ఉంది.

ఆ కారు మా నాన్నగారిది. 2004 మోడల్ మారుతి 800. తెనాలిలో రిటైరయినప్పుడు పీఎఫ్ డబ్బుతో కొన్నారు. “కార్బురేటర్ బండి కాదు, ఎంపీఎఫ్‌ఐ! లోపల కంప్యూటరుంది” అని వీధి వీధంతా చెప్పుకొచ్చారు. నిజమే. 2000 సంవత్సరంలో ఆ మోడల్‌కి ఆ ఏర్పాటు వచ్చింది. ఎంత గాలి వెళుతోందో కనుక్కుని, అందుకు తగ్గ పెట్రోలు లెక్కకట్టి ఇంజెక్టర్లతో చిమ్మించేది ఆ కంప్యూటరే. 2014లో కంపెనీవాళ్ళు మారుతి 800 తయారుచేయడమే ఆపేశారు. మా బండి మాత్రం ఆగలేదు... కిందటేడు వానాకాలం దాకా!

నాది నెల జీతం ఉద్యోగం కాదు. నాలుగు పత్రికలకి రాస్తేనే నాలుగు రాళ్ళు. షూటింగ్ ఫిల్మ్ సిటీలో అంటే యూసుఫ్‌గూడ నుంచి ఊరు ఈ చివర నుంచి ఆ చివరికి పోవాలి. ఆ రోజు ఒక పెద్ద హీరోయిన్ ఇంటర్వ్యూ. ఎన్ని ఫోన్లు చేస్తే దొరికిందనుకున్నారు! నలభై నిమిషాలు ఆలస్యంగా చేరాను. “మేడమ్ షాట్‌లోకి వెళ్ళిపోయారు” అన్నాడు మేనేజరు. ఎడిటర్‌గారు ఏమీ అనలేదు. అదే భయం! తిట్టే ఎడిటర్ మళ్ళీ పిలుస్తాడు. ఏమీ అనని ఎడిటర్ ఇంకొకళ్ళని పిలుస్తాడు.

ఆదివారం ఆదివారం నాన్న ఫోను. “ఏరా, బండెట్లా ఉంది?” ముందు నా గురించి అడగరు, బండి గురించే! “బ్రహ్మాండంగా ఉంది నాన్నా” అనేవాణ్ణి. అప్పటికే పాత బళ్ళు కొనేవాడు ఒకడు వచ్చి ఇరవై వేలిస్తానని చెప్పి వెళ్ళాడు.

మెకానిక్‌కి చూపించలేదా అంటారేమో. చూపించాను. అతను స్కానర్ తగిలించి, “ఆక్సిజన్ సెన్సర్ వోల్టేజి పడిపోయింది సార్. మిక్చర్‌ల పెట్రోల్ తక్కువైతుంది. లీన్ కొడుతుంది” అన్నాడు. పెట్రోలు తక్కువంటే ట్యాంకులో మోటారు అనుమానం. మార్చాడు. ఢాం! ఫిల్టర్ మార్చాడు. ఢాం! ఇంజెక్టర్లు ఊడదీసి కడిగాడు. ఢాం... ఢాం! ఎనిమిది వేల నాలుగు వందలు చెల్లించుకున్నాను. ఏ ఇంటర్వ్యూకీ నాకు అంత ముట్టలేదు.

ఇక్కడ మా కింది వాటాలో ఉండే మాస్టారిని మీకు పరిచయం చేయాలి. మద్రాసులో సినిమాలకి సౌండ్ ఎఫెక్ట్స్ చేసినాయన. తెర మీద హీరో గుర్రమెక్కితే, చీకటి గదిలో కొబ్బరిచిప్పలతో ఆ గుర్రాన్ని పరుగెత్తించేది ఇలాంటివాళ్ళే! పరిశ్రమతో పాటు హైదరాబాదు వచ్చేశారు. ఇప్పుడు పనంతా కంప్యూటర్ల మీదే కదా, ఇంటిపట్టునే ఉంటున్నారు. ఒక సాయంత్రం నేను బండి స్టార్ట్ చేస్తుంటే అరుగు మీద నుంచి కేక వేశారు.

“ఏమయ్యా, ఈ చప్పుడు ముందు నుంచా, వెనక నుంచా?”

నేను బిక్కమొహం వేశాను. రెండు నెలలుగా వింటున్నాను. ఎక్కడి నుంచి అని ఒక్కసారీ అనుకోలేదు! మెకానిక్కూ అడగలేదు.

“ముందు నుంచి వచ్చేది తుమ్ములా ఉంటుందయ్యా. ఎయిర్ ఫిల్టర్ దగ్గర ‘ఫట్’మని. వెనకది టపాకాయలా ఉంటుంది, సైలెన్సర్‌లో. రెండిటికీ ఒకే ఎఫెక్ట్ వేస్తే డైరెక్టరు మమ్మల్ని తిట్టేవాడు” అన్నారు మాస్టారు.

తర్వాత తెలుసుకుంటే ఆ తేడా సినిమావాళ్ళదే కాదు, మెకానిక్కులదీనట! నిప్పు వెనక్కి తిరిగి గాలి లోపలికి వచ్చే దారిలో పేలితే, మిక్చర్‌లో పెట్రోలు నిజంగా తక్కువై నెమ్మదిగా మండుతోందనో, గొట్టం చీలి దొంగగాలి లోపలికి పోతోందనో, ఇంటేక్ వాల్వు సరిగ్గా మూసుకోవడం లేదనో అనుమానించాలి. సైలెన్సర్‌లో పేలితే కథ వేరు. సిలిండర్‌లో మండాల్సిన పెట్రోలు మండకుండా బయటికి వచ్చి, వేడి గొట్టంలో అంటుకుంటోందన్నమాట.

“నీ దగ్గర కాగితం ఉందా?” అన్నారు మాస్టారు. జేబులో ఉన్నది ఆ జరగని ఇంటర్వ్యూ ప్రశ్నల కాగితమే. దాన్ని సైలెన్సర్ మూతికి కాస్త ఎడంగా పట్టుకున్నారు. ఇంజను సవ్యంగా ఉంటే కాగితం ఒకే తీరున రెపరెపలాడాలి. ఇదేమో ఎగిరి, ఎగిరి, మధ్యలో చతికిలబడుతోంది. పైగా అంచు నల్లగా మసిబారింది.

“మూడు సిలిండర్ల బండి కదూ ఇది? తకిట... తకిట... అని నడవాలి. నీది త-కి... త-కి... అంటోంది. ఒకడు పాడటం లేదు!”

అప్పుడు నా బుర్రలో లైటు వెలిగింది. పెట్రోలు తక్కువైతే ఈ మసి ఎందుకు? లీటరుకి పదిహేడిచ్చే బండి పన్నెండుకి ఎందుకు పడిపోయింది? స్కానర్ చెప్పేదొకటి, సైలెన్సర్ చెప్పేదొకటి! కోర్టు సీన్లో ఇద్దరు సాక్షులు చెరో మాటా చెబితే ఏం చేస్తారు? ఇద్దరినీ మళ్ళీ బోనెక్కించాలి కదా!

మెకానిక్‌కి ఫోన్ చేశాను. పాపం, చెడ్డవాడు కాదు. షాపు కట్టేసి నేరుగా వచ్చాడు. అప్పటికి సన్నగా జల్లు పడి వెలిసింది. ఇంజను నడుస్తుండగా ఒక్కో ఇంజెక్టర్ తీగకున్న ప్లాస్టిక్ కనెక్టర్ ఊడదీసి, మళ్ళీ పెడుతూ వచ్చాడు. మొదటిది తీస్తే ఇంజను గజగజ వణికింది. మూడోది తీసినా అంతే. మధ్యది తీస్తే... ఉలుకూ లేదు, పలుకూ లేదు! అంటే పనిచేయనివాడు వాడే. ఇంజను ఆపి, వాడి స్పార్క్ ప్లగ్గు మొదటివాడికీ, మొదటివాడిది వాడికీ మార్చి చూశాడు. జబ్బు మధ్యలోనే ఉండిపోయింది. అంటే ప్లగ్గు నిర్దోషి! ఇంజెక్టర్ అయితే టిక్కుటిక్కుమంటూనే ఉంది.

“లైట్లార్పండయ్యా” అన్నారు మాస్టారు, సెట్టు మీద ఉన్నట్టే!

వరండా లైటార్పాం. బానెట్ కింద చిమ్మచీకటి. వీధి చివర ఇస్త్రీ బండి అతని దగ్గర నుంచి నీళ్ళు చిలకరించే సీసా తెచ్చి, మెకానిక్ దూరంగా నిలబడి ప్లగ్గు వైర్ల మీద సన్నగా తుంపర కొట్టాడు. (మీరు మాత్రం చేయి పెట్టకండి బాబూ! ఆ వైర్లలో వేల వోల్టుల కరెంటు.) చూద్దుము కదా... మధ్య వైరు పొడవునా నీలంగా, సన్నటి మెరుపులు! చిటచిటమంటూ పక్కనున్న ఇనుము మీదికి దూకుతున్నాయి. నేనింతవరకు ఏ పౌరాణికంలోనూ అంత అందమైన మెరుపులు చూడలేదంటే నమ్మండి.

మెకానిక్ తల పట్టుకున్నాడు. “అరే, వైరు సార్! దీన్ని నేను చూడనే లేదు.”

కథంతా ఇంతే. వైరు మీద రబ్బరు తొడుగు వయసుకి ఎండి పగిలింది. ప్లగ్గు దాకా చేరాల్సిన నిప్పు దారిలోనే కారిపోతోంది. తడి తగిలితే మరీను! ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడే ఎక్కువ ఎందుకంటారా? యాక్సిలరేటర్ తొక్కితే సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో ప్లగ్గు దగ్గర నిప్పు దూకాలంటే ఎక్కువ వోల్టేజి కావాలి. అంత కష్టపడేకంటే చిల్లులోంచి పారిపోవడమే దానికి సుఖం. మండని పెట్రోలూ, వాడని గాలీ కలిసి సైలెన్సర్‌లోకి పోయి ఢాం!

మరి స్కానర్ అబద్ధం చెప్పిందా? లేదండీ, అక్కడే ఉంది అసలు ట్విస్టు! ఆక్సిజన్ సెన్సర్‌కి పెట్రోలు వాసన తెలీదు. మిగిలిపోయిన ఆక్సిజన్ ఒక్కటే తెలుసు. మధ్య సిలిండర్ గాలిని వాడకుండా వదిలేస్తుంటే, “అయ్యా, గాలెక్కువైంది” అని నిజమే చెప్పింది. కంప్యూటర్ దాన్ని “పెట్రోలు తక్కువ”ని అర్థం చేసుకుని మూడు సిలిండర్లకీ ఇంకా పోసింది. మా మెకానిక్కూ అలాగే అర్థం చేసుకున్నాడు. సాక్షి మంచివాడే. జడ్జీలిద్దరూ తొందరపడ్డారు!

మర్నాడు రాణిగంజ్‌లో వైర్ల సెట్టు కొన్నాను. ఏడు వందల యాభై. మెకానిక్ కూలి తీసుకోనన్నాడు. బలవంతాన మూడు ప్లగ్గులు కూడా కొత్తవి వేయించి వాటి డబ్బిచ్చాను. ఇంకో నెల అలాగే నడిపి ఉంటే కాటలిటిక్ కన్వర్టర్ లోపల మండని పెట్రోలు కాలి, ఆ జల్లెడ కరిగిపోయేదట. దాని ఖరీదు వింటే నాన్న కారుని నేనే ఆ ఇరవై వేలకి తోసేసేవాణ్ణి.

అన్నట్టు, జూబ్లీహిల్స్‌లో రాత్రిళ్ళు కొందరు కుర్రాళ్ళు కావాలనే డబ్బిచ్చి ఇంజను కంప్యూటర్‌లో లెక్కలు మార్పించుకుంటున్నారు. యాక్సిలరేటర్ వదిలితే పటపటమని పేలాలట! మామూలుగా కాలు తీయగానే కంప్యూటర్ పెట్రోలు ఆపేస్తుంది. వీళ్ళు ఆపకుండా చేసి, నిప్పు ఆలస్యంగా పడేట్టు మార్పిస్తారు. నేను ఎనిమిది వేలు పోసి వదిలించుకోలేని జబ్బుని వాళ్ళు వేలు పోసి తెచ్చుకుంటున్నారు. వాళ్ళ నాన్నలకి తెలుసో లేదో!

మా నాన్నకి మాత్రం ఆ ఆదివారం అంతా చెప్పేశాను, రెండు నెలల అబద్ధంతో సహా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఫోన్ ఇంజను దగ్గర పెట్టు” అన్నారు. పెట్టాను. తెనాలిలో ఆయనా, బానెట్ దగ్గర మాస్టారూ, ఇద్దరూ తలలు వంచి విన్నారు. “మూడూ కొడుతున్నాయిరా” అన్నారు నాన్న. మాస్టారు తలూపారు.

పాత వైరు మాస్టారు అడిగి తీసుకున్నారు. ఎందుకో చెప్పలేదు.

ఎడిటర్‌గారి కాళ్ళావేళ్ళా పడితే ఆ ఇంటర్వ్యూ మళ్ళీ దొరికింది. ఈసారి బండి కిక్కురుమనకుండా పంజాగుట్ట ఎక్కి దిగింది. చెప్పిన టైముకి నలభై నిమిషాలు ముందే ఫిల్మ్ సిటీలో ఉన్నాను. హీరోయిన్‌గారు మూడు గంటలు ఆలస్యంగా వచ్చారు. వాళ్ళ కారు దారిలో ఆగిపోయిందట!