ఎంత వెనక?

"ఆదివాసీ పిల్లలు చదువులో వెనకబడి ఉన్నారు." ఉపాధ్యాయ శిక్షణల్లో ఈ మాట వినని ఏడాది లేదు. మాది గోండుల ఇల్లు. ఒక్కోసారి ఊరుకుంటాను, ఒక్కోసారి లేచి అడుగుతాను: ఎంత వెనక? దేనితో కొలిచారు?

పది మార్కులు తక్కువ అంటారు. మార్కులు 20 నుంచి 90 దాకా చెదిరి ఉన్న చోట పది పెద్ద దూరం కాదు. అందరూ 40, 50 మధ్యే ఉంటే అదే పది కొండంత. అందుకే పరిశోధకులు రెండు గుంపుల సగటుల తేడాను ప్రామాణిక విచలనంతో భాగిస్తారు. డీఎడ్‌లో మనం బట్టీ పట్టిన పదమే అది. మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెబుతుంది. విచలనం 20 అయితే పది మార్కుల తేడా 0.5, విచలనం 5 అయితే 2. కాబట్టి ఎవరి విచలనంతో భాగించారో కూడా అడగాలి.

దీనికి పేరున్న ఉదాహరణ మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2005లో పల్లెల్లోని ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో అధ్యయనం మొదలుపెట్టారు. తీసుకున్న ఐదు జిల్లాల్లో ఆదిలాబాద్, విశాఖపట్నం ఉన్నాయి. లాటరీ తీసి, కొన్ని బడుల్లో పిల్లల మార్కులు పెరిగితే టీచర్లకు బోనస్ ఇచ్చారు. రెండేళ్లకు ఆ బడుల పిల్లలు లెక్కల్లో 0.27, భాషలో 0.17 విచలనాలు ముందున్నారు. మరికొన్ని బడులకు అదనంగా ఒక కాంట్రాక్ట్ టీచర్‌ను ఇస్తే 0.16, 0.15 వచ్చింది. 0.27 అంటే, నూరుమంది వరుసలో నడిమిన ఉన్న పిల్ల సుమారు పది స్థానాలు ముందుకు జరిగినట్టు. బోనస్ పద్ధతి నాకు నచ్చదు. అయినా అంకెను కాదనలేను.

0.2 చిన్న తేడా, 0.5 మధ్యస్థం, 0.8 పెద్దది అని జేకబ్ కోహెన్ అన్నాడు. వీటిని గుడ్డిగా వాడొద్దనీ ఆయనే హెచ్చరించాడు. ఒక టీచర్ అదనంగా వస్తే 0.16 జరిగిందంటే, ఏకోపాధ్యాయ బడి నడిపినవాళ్లెవరూ దాన్ని చిన్నది అనరు.

మన యువత గట్టిగా పట్టుకోవాల్సింది ఇంకొకటి. రెండు గుంపుల మధ్య 0.5 తేడా ఉందనుకుందాం. మార్కులు మామూలు గంట ఆకారంలో పరచుకుంటే, వెనక ఉన్నారన్న గుంపులోనే దాదాపు 31 శాతం మంది రెండో గుంపు సగటును దాటి ఉంటారు. ముప్పై మంది తరగతిలో తొమ్మిది మంది! సగటు చూసి పిల్లల్ని వెనక బెంచీకి పంపితే వాళ్లు కూడా అక్కడికే పోతారు.

ప్రశ్నపత్రం సంగతి వేరే. ఇంట్లో గోండీయో కొలామీయో మాట్లాడే పిల్లకు తెలుగులో ఇచ్చిన లెక్క సగం భాషా పరీక్షే. ఎంత భాగించినా ఆ వంకర పోదు. బహదూర్‌పల్లిలో నా తరగతిలో ఒడిశా నుంచి అపార్ట్‌మెంట్ల పనికి వచ్చినవాళ్ల పిల్లలున్నారు. మొన్న ఒక పిల్ల ముందు చింతగింజలు పోసి, నలుగురికి సమానంగా పంచమని సైగ చేశాను. గబగబా పంచేసింది. కాగితం మీద అదే లెక్కకు ఆమెకు వచ్చింది సున్నా. పైకి పంపే పట్టికలో ఎక్కేది ఆ సున్నాయే.