ష్రాప్‌షైర్ ముసలమ్మ మందు

గుండె జబ్బులకు వాడే డిజాక్సిన్ మాత్ర చరిత్రను తవ్వుకుంటూ పోతే, మందుల కంపెనీలూ విశ్వవిద్యాలయాలూ దాటిన తరువాత, ఇంగ్లండ్ పడమటి అంచున వేల్స్ సరిహద్దును ఆనుకుని ఉన్న ష్రాప్‌షైర్‌లోని ఒక వృద్ధురాలి దగ్గర ఆగవలసి వస్తుంది. ఆమె పేరును మాత్రం ఎవరూ రాసి పెట్టలేదు.

1775లో విలియం వితరింగ్ అనే వైద్యుడిని ఒక కుటుంబ యోగం మీద, అంటే కొన్ని మూలికలను కలిపి చేసే ఇంటి మందు మీద, అభిప్రాయం అడిగారు. ఒంటికి నీరు పట్టి కాళ్లూ పొట్టా వాచిపోయే ఉబ్బు వ్యాధికి ఆ ముసలమ్మ దాన్ని చాలాకాలంగా గుట్టుగా ఇస్తున్నదనీ, పెద్ద వైద్యులు చేతులెత్తేసిన రోగులు కూడా కొన్నిసార్లు తేరుకున్నారనీ, అయితే వాంతులూ విరేచనాలూ తీవ్రంగా అవుతాయనీ ఆయనకు చెప్పారు. అందులో ఇరవయ్యో, అంతకు మించో మూలికలున్నా, అసలు పని చేసేది ఫాక్స్‌గ్లవ్ ఒక్కటేనని పోల్చుకోవడం మొక్కల సంగతి ఎరిగిన ఆయనకు కష్టం కాలేదు. శాస్త్రవేత్తలు డిజిటాలిస్ అనే ఈ మొక్క ఐరోపా అడవుల అంచుల్లో, కంచెల పక్కన పెరిగి, రెండో ఏట నిలువు కాడ మీద ఊదారంగు పూలు పూస్తుంది. దాని ప్రతి భాగమూ విషమే. విద్యార్థిగా ఉన్నప్పుడు వృక్షశాస్త్రమంటే గిట్టని వితరింగ్‌ను ఆ దారి పట్టించిందీ ఒక స్త్రీయే అంటారు: పూల బొమ్మలు వేసే హెలెనా కుక్స్ కోసం మొక్కలు ఏరి తెచ్చిన ఆయన 1772లో ఆమెను పెళ్లాడి, 1776లో బ్రిటన్ మొక్కల మీద పెద్ద గ్రంథమే వెలువరించాడు.

తరువాతి పదేళ్లలో వితరింగ్ చేసిన పని కొలవడం. ఆకు బలం ఋతువును బట్టి మారుతుందని గ్రహించి, మొక్క పూతకు వచ్చే వేళకే ఆకు కోయాలని నియమం పెట్టుకున్నాడు. కషాయం కాస్తే మోతాదు నిలకడగా ఉండడం లేదని, ఎండబెట్టిన ఆకు పొడికి మారి, పెద్దవారికి పూటకు 1 నుంచి 3 గ్రెయిన్ల చొప్పున రోజుకు రెండు పూటలు చాలునన్నాడు (గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు). మూత్రం జారీ అయినా, కడుపు తిప్పినా, నాడి మందగించినా, విరేచనం పట్టుకున్నా వెంటనే మందు ఆపమన్నాడు. మోతాదు మించితే చూసినవన్నీ పచ్చగానో పసుపుగానో కనిపించడం, కళ్లు తిరగడం, చల్లని చెమటలు, మూర్ఛ, చివరకు మరణం వస్తాయని 1785లో అచ్చయిన పుస్తకంలో వరసగా రాశాడు. నూట యాభైకి పైగా రోగుల వివరాలున్న ఆ పుస్తకంలో మందు పని చేయని సందర్భాలనూ దాచకపోవడం ఈనాటికీ మెచ్చుకోదగిన సంగతి.

ఈ ఆకు ఎందుకు పని చేస్తుందో వితరింగ్‌కు పూర్తిగా తెలియదు. గుండె కదలిక మీద దానికి వింత శక్తి ఉందని గమనించినా, ఉబ్బుకు మూలం చాలాసార్లు గుండె బలహీనతేనన్న ముడిని ఆయన విప్పలేదు. డిజిటాలిస్‌లోని పదార్థాలు కణాల నుంచి సోడియంను బయటికి తోసే పంపును అడ్డుకోవడం వల్ల కండరంలో కాల్షియం పెరిగి, గుండె గట్టిగా ముడుచుకుంటుందనీ, మూత్రపిండాలకు రక్తం బాగా అంది నిలిచిన నీరు పోతుందనీ తేలింది ఇరవయ్యో శతాబ్దంలోనే. 1930లో వేరుచేసిన డిజాక్సిన్‌ను నేడు 0.25 మిల్లీగ్రాముల మాత్రగా ఇస్తున్నా, మేలు చేసే మోతాదుకూ చంపే మోతాదుకూ దూరం తక్కువ కనుక రక్తంలో దాని పాళ్లను పరీక్షించవలసిన అవసరం తప్పలేదు.

వితరింగ్ ముసలమ్మ విద్యను దొంగిలించాడనడం అన్యాయం. తనకు దారి చూపింది ఆమె మందేనని ఆయనే రాశాడు. కానీ ఆమెను ఎవరూ ఏమీ అడగలేదన్న లోటు లోటే. మిగిలిన మూలికలు ఎందుకు కలిపేదో, వాటిలో ఏవైనా విషపు పోటును తగ్గించడానికి ఉద్దేశించినవేమో, ఎంత ఇచ్చేదో, ఎవరికి ఇవ్వనన్నదో ఏ కాగితం మీదా లేదు. పూత రాని ఫాక్స్‌గ్లవ్ ఆకు కాంఫ్రీ అనే మూలిక ఆకును పోలి ఉండి, పొరపాటున కాచుకుని తాగినవారి ప్రాణాలు తీసిన సందర్భాలున్నాయి. ఆ రెంటినీ వేరుచేయగల కన్ను కూడా విద్యే, వితరింగ్ తరాజు ఎంత విద్యో అంత.

ఈ ఖాళీని ఇరవయ్యో శతాబ్దపు వాణిజ్యం తన పద్ధతిలో పూడ్చింది. 1928లో పార్క్ డేవిస్ మందుల కంపెనీ ప్రకటన కోసం ఒక చిత్రకారుడు వేసిన బొమ్మతో ఆ ముసలమ్మకు మదర్ హటన్ అనే పేరు పుట్టి, క్రమంగా వైద్య గ్రంథాల్లోకీ పాకింది. అది కల్పన అని 1985లో గుండె వైద్యుడు డెనిస్ క్రిక్లర్ నిరూపించాడు. లేని పేరు అంటగట్టడం కంటే పేరు తెలియదని ఒప్పుకోవడమే ఆమెకు గౌరవం.

తెలుగు నేలకు ఫాక్స్‌గ్లవ్ పరాయిదే గాని, దాని విషానికి చుట్టాలు, అంటే గుండె మీద పని చేసే గ్లైకోసైడ్లనే పదార్థాలు, ఇక్కడి గన్నేరులో, పచ్చగన్నేరులో, జిల్లేడులో ఉన్నాయి. డిజాక్సిన్ విషానికి విరుగుడైన యాంటీబాడీలు పచ్చగన్నేరు విషానికీ పని చేస్తాయని 2000లో వెలువడిన శ్రీలంక పరిశోధన తేల్చింది. వినాయక చవితికి పూజించే 21 పత్రుల్లో గన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త మూడూ ఉన్నాయి. విషపు మొక్కను ఇంటి వాకిట దాకా తెచ్చుకుంటూనే నోటికి దూరంగా ఉంచే మర్యాదను పిల్లలకు నేర్పింది చాలావరకు ఇంటి ఆడవాళ్లే. చెట్టు మందు కాబట్టి హాని చేయదని నేడు ప్రచారం చేసేవారికి ఆ మాత్రం జాగ్రత్త కూడా లేదు.

మంత్రసానులు, అమ్మమ్మలు, నాయనమ్మలు చెప్పే మందులను ఇప్పుడు సేకరిస్తున్నవారు మూలిక పేరుతో సరిపెట్టకుండా, ఆకు కోసే కాలం, పాళ్లు, ఎవరికి ఇవ్వకూడదో, వికటించిన సందర్భాలు, అన్నిటికంటే ముందు చెప్పిన మనిషి పేరూ ఊరూ ఆమె అనుమతితో రాసి పెట్టాలి.