ఏడో నెంబరు కర్ర

గోల్ఫు ఆట గురించి మన పత్రికలో వ్రాయడమేమిటని చదువరులు కొందరు ముక్కుమీద వేలు వేసుకోవచ్చు. అది దొరల ఆట, డబ్బున్నవాళ్ళ ఆట అని మా ఇంట్లోనే అంటారు. నేను వ్రాయబోయేది ఆటలో గెలుపు గురించి కాదు లెండి. ఒక ఉక్కు కాడ గురించి, దాన్ని మార్చడానికి డెబ్బయ్యేళ్ళ మనిషి పడ్డ అవస్థ గురించి.

మా తండ్రిగారు కోలారు బంగారు గనుల్లో గుమాస్తా. తాతల నాటినుంచీ మాది ఆ వూరే. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం, గనిలో అరవం. 1956 లో గనులు మైసూరు ప్రభుత్వపరమైనప్పుడు ఒక దొర సీమకు వెళ్ళిపోతూ తన పాత గోల్ఫు కర్రలు నాన్నగారికి ఇచ్చి వెళ్ళాడు. క్లబ్బు చందా గుమాస్తా జీతానికి అందేది కాదు. అందుచేత ఆయన ఆదివారం తెల్లవారుతుండగా సైనైడు దిబ్బల పక్కన ఖాళీ నేలమీద బంతులు కొట్టేవారు. బంగారం తీసుకోగా మిగిలిన రాతిపొడి పోసిన దిబ్బలవి. బంతులు ఏరి తెచ్చే పని నాది.

నేను కొంచెం పెద్దవాణ్ణయ్యాక ఏడో నెంబరు కర్ర నా చేతికిచ్చి ఒక పరీక్ష పెట్టేవారు. బంతి కొట్టగానే కళ్ళు మూసుకోవాలి. "ఎక్కడ తగిలిందిరా?" అని అడిగేవారు. కర్ర తలకు నట్టనడుమ తగిలితే చేతికి ఏమీ తెలియనట్టే వుంటుంది. కొసన తగిలితే వేళ్ళు జివ్వుమంటాయి. మడమన తగిలితే మొద్దు దెబ్బ. నేను చెప్పింది సరిపోతే, "ఉక్కు అబద్ధం చెప్పదురా" అని నవ్వేవారు.

నిజానికి ఈ ఆటలోకి ఉక్కు వచ్చింది ఆలస్యంగానే. అంతకు ముందు కాడలు హికరీ అనే అమెరికా చెక్కతో చేసేవారు. ఉక్కు కాడను అమెరికా సంఘం 1924 లోనూ, స్కాట్లండు సంఘం 1929 లోనూ ఒప్పుకొన్నాయి. బాబీ జోన్స్ 1930 లో ఒకే యేడు నాలుగు పెద్ద పోటీలు గెలిచింది హికరీ కర్రలతోనే. అయితే చెక్క మెలి తిరుగుతుంది, ఒక కాడ మరొకదానిలా వుండదు. ఉక్కు కాడ లోపల గుల్లగా వుండే గొట్టం. పిడి దగ్గర లావుగా మొదలై మెట్లు మెట్లుగా సన్నబడుతూ తల దగ్గరకు వస్తుంది. మెలి తక్కువ, అన్నీ ఒకే తీరు. తగిలిన దెబ్బను దాచకుండా చేతికి అందిస్తుంది. తరువాత వచ్చిన గ్రాఫైట్ కాడలు ఆ అదురును చాలావరకు తామే మింగేస్తాయి.

నాన్నగారు పోయారు. 2001 లో గనులూ మూతపడ్డాయి. నేను ఉద్యోగం విరమించి బెంగుళూరులో స్థిరపడి, వారానికి రెండు రోజులు ఆ కర్రలతోనే ఆడుతూ వచ్చాను. రెండేళ్ళ క్రితం అవి నాకు ఎదురు తిరిగాయి. మూడో హోల్ ముందు ఒక నీటిమడుగు వుంది. దాటాలంటే బంతి నూట అయిదు గజాలు గాలిలో పోవాలి. నాది లేవదు. కుడివైపుకు తిరిగి, నేలబారుగా పోయి, మడుగులో పడుతుంది. ఇంటికి వస్తే మోచెయ్యి నొప్పి. కాఫీ గ్లాసు ఎత్తితే చెయ్యి వణుకు.

"ఆ కర్రలు మార్చు నాన్నా, గ్రాఫైట్ కొనిస్తాను" అన్నది మా అమ్మాయి. నాకు కోపం వచ్చింది. కర్రలు మార్చమన్నట్టు వినపడలేదు, మా నాన్నను మార్చమన్నట్టు వినిపించింది.

చివరకు నాకు బుద్ధి చెప్పింది మా క్యాడీ. ముళబాగలు వైపు మనిషి, మన భాషే. "సార్, కర్ర మీ వెంట రావడం లేదు. మీరే దాని వెంట పోతున్నారు" అన్నాడు. నేను మాట్లాడలేదు. అతనే మళ్ళీ, "కావడి మోసేవాళ్ళను చూళ్ళేదా? బద్ద మరీ బిర్రుగా వుంటే భుజం కొట్టుకుపోతుంది, మరీ మెత్తగా వుంటే కుండలు ఎగిరెగిరి నీళ్ళు తొలుకుతాయి. ఎవరి నడకకు తగిన బద్ద వాళ్ళది" అన్నాడు.

మర్నాడు కర్రలు బాగుచేసే అంగడికి వెళ్ళాను. అక్కడి కుర్రవాడు ఏడో నెంబరు తల విప్పి, కాడ తూచాడు. 125 గ్రాములు. కొసలో బాగా బిర్రు. ఒక సంగతి విప్పి చెప్పాడు. కర్ర కిందికి దిగేటప్పుడు తల బరువు కాడ గీతకు కొంచెం పక్కగా వుంటుంది గనుక, బంతిని చేరే ముందు కాడ కొస ముందుకు వంగుతుంది. అలా వంగినకొద్దీ తల ముఖం మరికాస్త పైకి చూస్తుంది, బంతి లేస్తుంది. బిర్రు కొస తక్కువ వంగుతుంది, బంతి కిందుగా పోతుంది. బలమున్నవాడికి అది వరం. నా బోటివాడు ఆ బరువు లాగలేక ఆలస్యంగా వస్తాడు, ముఖం తెరుచుకొనే వుంటుంది, బంతి కుడికి పోతుంది.

గ్రాఫైట్ వద్దన్నాను. ఉక్కులోనే 95 గ్రాముల కాడ, కొస మెత్తనిది, తగిలించాడు. తల మాత్రం నాన్నగారిదే. తేడా ముప్పై గ్రాములు, చిన్న నిమ్మకాయంత. ఆ కుర్రవాడే ముందుగా కొట్టి చూశాడు. వాడి దూకుడుకు బంతి గాలిపటంలా లేచి ఎడమకు పోయింది. "ఇది నాది కాదు, మీదే" అని నవ్వాడు.

పాత కాడతో పది బంతులు కొడితే మూడు మడుగు దాటేవి. కొత్తదానితో ఏడు దాటాయి. బంతి వేగం పెద్దగా పెరిగిందనుకోను. ఎత్తు పెరిగింది, పడ్డచోట మెత్తగా పడింది. నెల తిరిగేసరికి మోచెయ్యి కూడా సర్దుకొంది.

ఇందులో నన్ను ఆలోచింపజేసింది ఇంకొకటి వుంది. కర్రా బంతీ కలిసివుండేది సెకనులో సుమారు రెండువేలవ వంతు మాత్రమే. చేతికి తెలిసేసరికి బంతి వెళ్ళిపోయి వుంటుంది. అంటే చేతికి అందిన ఆ కబురు, పోయిన బంతిని రవంత కూడా మార్చలేదు. మరి దేన్ని మారుస్తుంది? రాబోయే బంతిని. జివ్వుమన్న చెయ్యి మళ్ళీ జివ్వుమంటుందని భయపడి పిడిని బిగిస్తుంది. బిగిస్తే కర్ర మందగిస్తుంది. రెండేళ్ళపాటు నా బంతుల్ని మడుగులో ముంచింది సగం కాడ, సగం ఆ భయం. ఉక్కు అబద్ధం చెప్పదన్న నాన్నగారి మాట నిజమే. అది చెబుతూనే వుంది, నేనే వినలేదు. ఆయన ఆ కర్ర పట్టింది ముప్పై అయిదేళ్ళ చేతులతో. నా చేతులకు డెబ్బయి.

పాత కాడ పారవేయలేదు. మా ఆవిడ దానికి కొక్కెం కట్టించి పెరట్లో కరివేపాకు కొమ్మలు వంచుతూ వుంటుంది. "మీకు బిర్రు గాని నాకు సరిగ్గా వుంది" అంటుంది.

ఇప్పటికీ బంతి కొట్టగానే కళ్ళు మూసుకొంటాను. "ఎక్కడ పడిందో చూడరా సార్?" అంటాడు క్యాడీ.

"అది నువ్వు చూడు. ఎక్కడ తగిలిందో నేను చూసుకొంటున్నాను" అంటాను.