క్లాస్ చెప్పేది, మనిషి చెప్పేది

కళింగపట్నం తీరాన వేటకెళ్లే పడవవాళ్లకి దీపస్తంభం లోపల ఏ యంత్రం ఉందో తెలియాల్సిన పనిలేదు. వెలుగు కనబడితే చాలు, ఒడ్డు ఎటుందో తెలిసిపోతుంది. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్‌ కూడా ఇలాగే నడుస్తుంది. క్లాస్ తాను చేసే పనుల్ని బయటికి చూపిస్తుంది. ఎలా చేస్తుందో లోపలే దాచుకుంటుంది.

ఆ ఊరి కుర్రాడొకడు విశాఖలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కూలీల వారం జీతాలు లెక్కకట్టే పాత జావా ప్రోగ్రాం ఒకటి అతనికి అప్పగించారు. రాసినాయన ఎప్పుడో రిటైరయ్యాడు. సోర్స్ కోడ్ లేదు. కాగితాల్లో ఉన్నది ఒకటి, నడుస్తున్నది ఇంకొకటి. తేడా వస్తే పోయేది కూలివాళ్ల డబ్బు!

అప్పుడతనికి రిఫ్లెక్షన్ గుర్తొచ్చింది. ప్రోగ్రాం నడుస్తుండగానే 'నీ పేరేంటి? నీలో ఏ మెథడ్లున్నాయి, ఏ ఫీల్డులున్నాయి?' అని క్లాస్‌నే అడగడం అది. 1982లో ఎంఐటీలో బ్రయన్ కాంట్‌వెల్ స్మిత్ చేసిన పరిశోధన ఈ ఆలోచనకి ఒక రూపమిచ్చింది. 1997లో జావా 1.1తో అది జావా ప్రోగ్రామర్లకీ అందింది.

అడిగిందే తడవుగా క్లాస్ అన్నీ వరసగా చెప్పింది. వాటిలో 'అడ్జస్ట్' అనే ప్రైవేట్ మెథడ్ ఒకటి. ప్రైవేట్ అయినా 'సెట్ యాక్సెసిబుల్' అంటే తలుపు తెరుచుకుంటుంది. నకలు డేటా మీద దాన్ని విడిగా పిలిచి చూశాడు. జీతాల లెక్కలు మారిపోయాయి! బైట్‌కోడ్‌ని తిరగదోడితే ఏ అంకెలోంచి ఏది తీసేస్తోందో తెలిసింది. ఎందుకో మాత్రం తెలియలేదు.

కళింగపట్నానికి ఎగువన, వంశధార ఒడ్డున ఉన్న సాలిహుండం కొండ సంగతీ అంతే. 1919లో గిడుగు రామమూర్తి ఆ బౌద్ధక్షేత్రాన్ని గుర్తించారు. తవ్వకాల్లో స్తూపాలు, చైత్యాలు బయటపడ్డాయి. వాటిని కొలవచ్చు, ఇటుకలు లెక్కపెట్టొచ్చు. ఆ కొండెక్కినవాళ్లు ఏం మొక్కుకున్నారో ఇటుక చెప్పదు.

కుర్రాడు చివరికి రిటైరైన పెద్దాయనకి ఫోన్ చేశాడు.

"కూలి రూపాయల్లో ఇచ్చి, మిగిలిన పైసల్ని వచ్చే వారానికి జమ వేస్తుంది బాబూ. అది వారానికి ఒక్కసారే జరగాలి. అందుకే దాచాను. ఎవరి పైసా పోకూడదు కదా!"

దాచడానికి ఇలాంటి కారణాలుంటాయి. 2021లో వచ్చిన జావా 17 తన సొంత క్లాసుల తలుపుల్ని ఇలా తెరవడాన్ని చాలావరకు కట్టడి చేసింది కూడా.

కుర్రాడు ఆ మెథడ్ జోలికి మళ్లీ పోలేదు. పెద్దాయన చెప్పిన కారణాన్ని మాత్రం కొత్త కాగితాల్లో మొదటి పేజీలోనే రాసిపెట్టాడు.