చిన్న రైలు – పెద్ద పద్దు

సంసారము నడుపు స్త్రీలకు ఖర్చులు రెండు తెఱగులుగా కానవచ్చును. బియ్యము, పాలు, పిల్లల ఫీజులు, వైద్యునికిచ్చు సొమ్ము – ఇవి చెప్పి వచ్చు ఖర్చులు. రెండవ తెఱగువి చెప్పక వచ్చును. అవి యొకనాటి ముచ్చటగా గడప దాటి, ఏండ్లు గడచునప్పటికి ఇంటిలో ఒక గదినే ఆక్రమించి కూర్చుండును. అట్టిదాని నొకదానిని నేడు సోదరీమణుల యెదుట పెట్టదలచితిమి. అది మా వారి చిన్న రైలు.

మేము గోదావరిఖనిలో నున్నాము. మా వారు బడిపంతులు. ఈ యూరి పేరులోనే నదియు గనియు కలిసియున్నవి. కాజీపేట నుండి బల్లార్షా పోవు దారిలోని రామగుండము స్టేషను మాకు దగ్గఱ. సింగరేణి బొగ్గు నింపుకొని పోవు గూడ్సుబండ్ల చప్పుడు రాత్రింబగళ్లు వినుచుందుము. ఎన్.టి.పి.సి. వారు 1983లో ఇచ్చట విద్యుత్తు పుట్టించుట కారంభించిరి. ఆ కేంద్రపు శక్తి 2600 మెగావాట్ల వఱకు పెరిగినది. దానికి బొగ్గు చేర్చుటకు ప్రత్యేకముగా ఒక రైలుదారి గలదు. గనివద్ద నింపిన బండి కేంద్రమునకు పోయి, అడుగు తలుపులు తెఱచి బొగ్గు జారవిడిచి, మరల గనికి వచ్చుచుండును. అట్టి యేర్పాటునకు ఇంగ్లీషులో మెర్రీ గో రౌండ్ అని పేరు; అనగా రంగులరాట్నము. అట్టి రంగులరాట్నమును చూచుచు పెరిగిన మగపిల్లలకు మీసములు నెరయు కాలమునను ఆ మోజు వదలకుండుట వింత గాదు.

చిన్న రైలనగా తిరునాళ్లలో కొని, కీ యిచ్చి వదలు బొమ్మయని తలపవలదు. ఇది నిజమైన రైలును కొలతప్రకారము తగ్గించి చేసిన నమూనా. లోకమున నెక్కువ వాడుకలోనున్న కొలత 87వ వంతు. ఐరోపా పట్టాల నడుమ దూరము 1435 మిల్లీమీటర్లు గనుక, ఈ చిన్న పట్టాల నడుమ 16.5 మిల్లీమీటర్లుండును. మన బ్రాడ్‌గేజి వెడల్పు 1676 మిల్లీమీటర్లు. దానిని 87చే భాగించిన 19కి పైన వచ్చును. కావున మన దేశపు బండి నమూనాను ఆ పట్టాలపై నిలిపిన, లావుపాటి మనిషి యిఱుకు పీటపై కూర్చున్నట్లుండును. ఈ రెండుముప్పావు మిల్లీమీటర్ల దిగులుతో మా వారికి నిద్రపట్టని రాత్రులు గలవన్న మీరు నవ్వుదురు. మేమును నవ్వితిమి.

ఈ మోజు మా యింటిదే గాదు. జర్మనీలోని మార్క్లిన్ వారు 1859 నుండి బొమ్మలు చేయుచు, 1891లో చిన్న రైళ్లకు పట్టాల కొలతల నేర్పఱచిరి. ఇంగ్లండులో హార్న్‌బీ వారి రైళ్లు 1920లో వెలువడినవి. హాంబర్గు నగరములో 2001లో తెఱచిన చిన్న రైళ్ల ప్రదర్శనను చూచుటకు దేశదేశములనుండి జనులు పోవుచుందురు. మన దేశమున పూనాలో జోషిగారి చిన్న రైళ్ల ప్రదర్శనశాల 1998లో వెలసినది. గ్వాలియరు మహారాజుల భోజనపు బల్లపై వెండి రైలొకటి తిరుగుచు అతిథులకు పానీయములు, చుట్టలు అందించెడిది. మహారాజులకు వెండి రైలు శోభించును. బడిపంతుల యిండ్లకు తగరపు రైలును భారమే.

వెల యేల యింత యని మేమడిగితిమి. ఒక యింజనులో అరచేత నిమిడిపోవు చిన్న భాగములు అనేకములుండును. వానికి అచ్చులు చేయవలెను. కొనువారు కొద్దిమంది గనుక ఆ అచ్చుల ఖర్చంతయు ఆ కొద్దిమందిపైననే పడును. జర్మనీ యింజను ఒకటి కొన్ని వందల యూరోలు పలుకును. మన లెక్కలో పదులవేల రూపాయలు. పైగా బొమ్మల దిగుమతి సుంకము 2020లో నూటికి 20 నుండి 60కి, 2023లో 70కి పెరిగినది. మన బొమ్మలు చేయువారిని కాపాడుట మంచిదే. కాని ఆ సుంకము మా పాల పద్దులోనుండి పోవుచున్నదని మాకప్పుడు తెలియదు.

తెలిసిన విధమిది. గత సంవత్సరము వర్షములు వెలిసిన పిమ్మట పుస్తకముల బీరువా దులుపుచుండగా, శబ్దరత్నాకరములో మడతపెట్టిన రసీదొకటి దొరికినది. రెండవ యింజనుది. ఆరువేలకు దొరకినదని మా వారు మాతో చెప్పియుండిరి. రసీదులో 16,800 రూపాయలున్నది. ఆ యింజను కొన్న నెలనే మా అత్తగారి కంటిశుక్లపు శస్త్రచికిత్సను, చేతిలో సొమ్ము చాలక, దసరా దాటిన పిమ్మట చూతమని వాయిదా వేసికొంటిమి. ఆమె యేమియు ననలేదు. ప్రొద్దున దీపము వెలిగించుటకు వత్తి కానరాక తడుముకొనుచుండెడివారు.

ఇరుగుపొరుగు వదినలకు చెప్పిన వారేమందురో మేమెఱుగుదుము. "తాగుడు లేదు, పేకాట లేదు. జీతం తెచ్చి నీ చేతుల పెడ్తడు. బొమ్మ రైలే గదా వదినా, ఊకో." జీతము చేతబడిన రోజున ఇంటికి రాక సారా దుకాణమునకు పోవు మగవారున్న చోట ఈ మాటకు బరువు గలదు. కాని చెడ్డ అలవాటు లేకుండుట వేఱు, పద్దు సరిగానుండుట వేఱు. విదురుడు రాజునకు చెప్పిన యేడు వ్యసనములలో జూదము, వేట, పానము మాత్రమే గాక అర్థదూషణమును గలదు. అనగా ధనమును వ్యర్థపఱచుట. దానిని చివర చెప్పినంతమాత్రమున అది చిన్నది కాదు.

మాకు చిన్ననాట మా తండ్రిగారు మృచ్ఛకటికము చెప్పిరి. ఆ నాటకమునకు పేరే మట్టి బండి. దరిద్రుడైన చారుదత్తుని కుమారుడు పొరుగింటి బంగారు బండితో ఆడుకొని, తనకు చేసియిచ్చిన మట్టి బండి వలదని యేడ్చును. వసంతసేన తన నగలు దానిలో నింపి బంగారు బండి చేయించుకొమ్మనును. ఆట బండి వెనుక నగలుండుట నేటి మాట గాదన్నమాట. మాకు మాత్రము వసంతసేనకంటె చారుదత్తుని భార్య ధూత యెక్కువగా జ్ఞప్తికి వచ్చును. ఇంట దాచిన పరుల నగలు దొంగలపాలు కాగా, భర్త పరువు నిలుపుటకు ఆమె తన రత్నహారమును వ్రతదానమను నెపమున నిచ్చెను. చారుదత్తుడో, ఆ నగలు జూదములో నోడితినని వసంతసేనకు చెప్పి పంపెను. ఇద్దఱును మంచివారే, ఇద్దఱును దాచినవారే. ఆ నగలు తుదకు చారుదత్తుని వధ్యస్థానమువఱకు నడిపించినవి. మంచి యుద్దేశముతో దాచినను దాచినది దాచినదే యని మేమా కథనుండి గ్రహించితిమి.

ఆ రాత్రి మేము కేకలు వేయలేదు. పద్దుపుస్తకము తెఱచి, ఒక ప్రక్క రసీదును, రెండవ ప్రక్క కంటివైద్యుడు వ్రాసియిచ్చిన చీటిని ఉంచితిమి. మా వారు రెండును చూచి చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "చెప్పిన నీవు వలదందువని చెప్పలేదు" అనిరి. వలదని యుందుమో లేదో గాని, వలదనుటకు మాకును హక్కుండవలెను గదా యంటిమి. ఆరువేలని చెప్పినప్పుడు ఆ హక్కును మాత్రమే గాక, అత్తగారి కంటి మాట ఆలోచించు అవకాశమును గూడ మానుండి తీసికొనిరంటిమి. మా వారు తల వంచుకొనిరి. తెల్లవాఱగనే హైదరాబాదులోని తమ బోటి ముచ్చటగల మిత్రునికి ఆ యింజనును 11,000కు అమ్మిరి. తక్కువ పడినది ఇంటి పొదుపునుండి తీసితిమి. పదునైదు రోజులలో శస్త్రచికిత్స యైనది.

తరువాత రెండు ఆదివారములు మేమిద్దఱము కూర్చుండి ఆరేండ్ల రైలు ఖర్చు తేల్చితిమి. ఇంజనులు రెంటికి 30,300; పెట్టెలు పదునాలుగింటికి 20,300; పట్టాలకు, పాయింట్లకు 18,200; విద్యుత్తును అదుపుచేయు పెట్టెకు 9,400; ప్లైవుడ్డుకు, రంగులకు, జిగురునకు 11,600; సుంకమునకు, కొరియరునకు 12,700; తీగలకు, పనిముట్లకు 5,900. మొత్తము 1,08,400 రూపాయలు. ఇందులో పేరు చెప్పనక్కరలేని యొక దుకాణము విఱిగిన పెట్టెలు పంపి తిరిగి తీసికొనకుండుటచే పోయిన సొమ్మును గలదు. నలువదివేలు దాటదని మా వారు నమ్మియుండిరి. ఆ మొత్తము చూచి మాకంటె వారే యెక్కువ నిర్ఘాంతపోయిరి. ఇచ్చట మాకొక సంగతి తెలిసినది. ఇట్టి ముచ్చటగలవారు భార్యలకంటె ముందు తమకు తామే దాచుకొందురు. ఇంజను వెల యొకటే జ్ఞాపకముంచుకొని, పట్టాలు, తీగలు, సుంకము మఱచిపోవుదురు. అటకపై విప్పని పెట్టెలే నాలుగు దొరికినవి.

న్యాయముగా చూచిన ఆ మొత్తము నెలకు 1,500 చొప్పున పడినది. రోజుకు 50 రూపాయలు. మా చీరలకును పుస్తకములకును అదే ఆరేండ్లలో 71,000 అయినది. కాని ఆ పద్దు మొదటినుండి పుస్తకములో నున్నది. దానిపై మాకెన్నడును కలహము రాలేదు. కలహము ధనమువలన గాక మఱుగువలన పుట్టుచున్నదని మా నమ్మకము.

అప్పుడు మూడు నియమములు చేసికొంటిమి. వైద్యము, చదువు, నెలచీటీ – ఈ మూడింటికి తీసిన పిమ్మట మిగిలినదానిలోనే ముచ్చటలు. రెండవది, ముచ్చటల పద్దు సంవత్సరమునకు ఒక్కొక్కరికి 12,000 మించరాదు. సుంకముతోను కొరియరుతోను కలిపి అసలు వెల కొన్ననాడే వ్రాయవలెను. మూడవది, కొన్నది పెట్టెనుండి వెలువడి పనికి వచ్చువఱకు మఱియొకటి కొనరాదు. ఈ నియమములు మాకును మా వారికిని సమానమే; చదువని పుస్తకము బీరువాలో నుండగా క్రొత్తది మేమును కొనము.

చేయి బిగిసిన పిమ్మట మా వారి పనితనము బయటపడినది. కొనుట మాని చేయుట మొదలిడిరి. అట్టపెట్టెలతో స్టేషను కట్టిరి; చీపురు పుల్లలతో కంచె వేసిరి; గోదావరి యిసుక జల్లించి దారి పఱచిరి. పెట్టెలలో నింపినది నిజమైన బొగ్గుపొడి. ఆదివారములు బడిపిల్లలు వచ్చి 87చే భాగించుట నేర్చుచున్నారు. 1740 మిల్లీమీటర్ల మనిషి సరిగా 20 మిల్లీమీటర్లగునని మా అమ్మాయి పలకపై లెక్క కట్టి చూపినది. నైటు షిఫ్టు చేయు కార్మికుని కొడుకొకడు ఒకనాడు, "సారూ, మా నాయిన పనిచేసే జాగ ఏది? అది కిందుంటది గద" అని యడిగెను. మా వారు బల్లక్రింద థర్మాకోలు పొరలు కోసి, ఇంక్లైను దారి దింపి, లోపల చిన్న దీపము పెట్టిరి. దానికైన ఖర్చు 180 రూపాయలు. పద్దులో నున్నది.

కంటి కట్టు విప్పిన వారమునకు మా అత్తగారు ఆ గదిలోనికి వచ్చి, బల్లపై తిరుగు రైలును వంగి చూచి, "ఓరి కొడుకా, దీనికి చక్రాలు గూడ ఉన్నయిరా!" అనిరి. ఆరేండ్లుగా ఆమెకది గీఱుమను చప్పుడు మాత్రమే. మా వారి కన్నులు చెమర్చినవి. ఆ మాట వారికి మా నియమములన్నింటికంటె బాగుగా బోధించినది.

సోదరీమణులారా, మీ యింట చిన్న రైలుండకపోవచ్చును. పావురములుండవచ్చును, కెమెరా యుండవచ్చును, పాత నాణెముల పెట్టె యుండవచ్చును. ముచ్చట లేని మగవాడు తిన్ననివాడని మేమనము. పని తప్ప మఱేమియు నెఱుగని మనస్సు త్వరగా తుప్పుపట్టును. కావున ఎందుకని యడుగవలదు. ఎంతయని యడుగుడు, ఏ పద్దులోనిదని యడుగుడు. అట్లడుగుట గయ్యాళితనము గాదు, గృహిణీధర్మము. మన ముచ్చటల పద్దును గూడ అదే పుస్తకములో, అదే సిరాతో వ్రాసి, వారు కోరినప్పుడు చూపుదము.