రెండు రోస్టర్లు: హైదరాబాద్ ఎఫ్‌సీ సీజన్ ముగిశాక (12వ భాగం)

22 మ్యాచ్‌లు. ఒక్కటే గెలుపు. 5 డ్రాలు, 16 ఓటములు. కొట్టిన గోల్స్ 10, ఇచ్చుకున్న గోల్స్ 43. మొత్తం 8 పాయింట్లు, 12 జట్లలో 12వ స్థానం. 2023-24 ఐఎస్ఎల్‌లో మన హైదరాబాద్ ఎఫ్‌సీ లెక్క ఇది. రెండేళ్ల కింద ఇదే జట్టు దేశానికి చాంపియన్.

పోయిన భాగం కింద ఒక పీజీ తమ్ముడు అడిగిండు: "అన్నా, రోస్టర్ గురించి రాస్తానన్నారు, మళ్లీ ఫుట్‌బాల్ అంటున్నారేంది?" తమ్మీ, రోస్టర్ గురించే రాస్తున్నా. మనలాంటోళ్లకు ఆ మాట వినగానే గుండె జల్లుమంటది. 2018 మార్చిలో యూజీసీ ఉత్తర్వు వచ్చినప్పుడు మనం రోడ్డెక్కింది దాని గురించే కదా. యూనివర్సిటీ మొత్తాన్ని ఒక యూనిట్‌గా లెక్కేసే 200 పాయింట్ల రోస్టర్‌ను పక్కకు నెట్టి, ఒక్కో డిపార్ట్‌మెంట్‌ను ఒక్కో యూనిట్ చేసి 13 పాయింట్ల రోస్టర్ తెచ్చారు. అందులో ఎస్సీ వంతు 7వ పోస్టుకు, ఎస్టీ వంతు 14వ పోస్టుకు. నలుగురు పనిచేసే తెలుగు డిపార్ట్‌మెంట్‌లో ఏడో నియామకం వంతు ఎన్నేళ్లకు వస్తది? కొట్లాడితే 2019 మార్చిలో ఆర్డినెన్స్, జూలైలో చట్టం వచ్చి, కేంద్ర విద్యాసంస్థల్లో పాత లెక్క నిలబడింది. ఆ కొట్లాటలో మనం నేర్చుకున్నది ఒక్కటే పని: జాబితాను పై నుంచి కిందికి కాదు, ఎవరు లేరో చూసుకుంటూ చదవడం.

నా చదువు కూడా జాబితాల చదువే. తెలుగు సాహిత్య చరిత్ర పుస్తకం ఏది తెరిచినా అది ఒక టీమ్ షీటే. ఎవరు మొదటి పదకొండు మందిలో ఉన్నారు, ఎవరిని బెంచీ మీద కూర్చోబెట్టారు, ఎవరిని అసలు స్టేడియంలోకే రానీయలేదు అనేది అందులో కనపడతది. ఇదే కళ్లద్దాలతో ఫుట్‌బాల్ రోస్టర్ చదువుదాం రండి.

ముందు ఆట సంగతి. 2019 ఆగస్టులో, పుణె క్లబ్ మూతబడిన చోట ఈ క్లబ్ పుట్టింది. మొదటి సీజన్‌లో 18 మ్యాచ్‌లకు 10 పాయింట్లు, అట్టడుగు. 2020లో స్పెయిన్ నుంచి మానోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చిండు. పేరున్నోళ్ల మీద డబ్బులు పారబోయలేదు. ఇరవై ఏళ్ల పిల్లల్ని ముందుకు తెచ్చిండు. యూపీ నుంచి ఆకాశ్ మిశ్రా ఎడమ పక్క, సిక్కిం నుంచి ఆశిష్ రాయ్ కుడి పక్క, మధ్యలో మణిపూర్ నుంచి చింగ్లెన్‌సానా, ముందర గోవా పిలగాడు లిస్టన్ కొలాసో. ఆ ఏడు 5వ స్థానం, 29 పాయింట్లు. ఆ తర్వాతి ఏడు, 2022 మార్చి 20న ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్ మీద ఫైనల్. 88వ నిమిషంలో సాహిల్ తవోరా గోల్‌తో 1-1. పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపిండు, 3-1తో కప్పు మనది. ఓగ్‌బెచే ఆ సీజన్‌లో 18 గోల్స్ కొట్టిండు. ఇంకో ముచ్చట చాలామంది మరిచిపోయారు. కోవిడ్ వల్ల ఆ రెండు సీజన్లూ మొత్తం గోవాలోనే జరిగాయి. అంటే హైదరాబాద్ పేరున్న జట్టు హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే చాంపియన్ అయింది.

2022-23లో 42 పాయింట్లతో లీగ్‌లో రెండో స్థానం. ఆడిందంతా ఇంటి మైదానం ఉన్న సీజన్, ఆడిందంతా మంచి ఆట. ఆ తర్వాత ఒక్కో ఇటుక ఊడింది.

లిస్టన్, ఆశిష్ రాయ్ అంతకుముందే కోల్‌కతా దారి పట్టారు. 2023 ఎండాకాలంలో మార్కెజ్ గోవాకు, ఆకాశ్ మిశ్రా ముంబైకి, నర్జరీ బెంగళూరుకు పోయారు. ఓగ్‌బెచే కూడా వెళ్లిపోయిండు. జీతాలు అందట్లేదన్న వార్తలు పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. ఒక విదేశీ ఆటగాడి బకాయి కేసులో ఫిఫా కొత్త ఆటగాళ్ల రిజిస్ట్రేషన్ మీద నిషేధం పెట్టింది. సీజన్ మొదట్లో ఆరుగురు విదేశీయులుంటే, నోల్స్, మోయా, ఆలానిస్, అమోరిం, పెన్నానెన్ ఒకరి వెనక ఒకరు సంచి సర్దుకున్నారు. జనవరిలో చింగ్లెన్‌సానా, నిఖిల్ పూజారి బెంగళూరుకు, యాసిర్ గోవాకు పోయారు. మిగిలిన ఒకే ఒక్క విదేశీయుడు బ్రెజిల్ నుంచి వచ్చిన జోవావ్ విక్టర్. వయసు 35. చుట్టూ పిల్లలు.

ఇప్పుడు ఈ సీజన్ ఫలితాలు చూడండి. లీగ్ షీల్డ్ గెలిచిన మోహన్ బగాన్‌లో లిస్టన్, ఆశిష్ రాయ్ ఉన్నారు. 2024 మే 4న కప్పు గెలిచిన ముంబైలో ఆకాశ్ మిశ్రా ఉన్నాడు. మూడో స్థానంలో నిలిచిన గోవాకు అప్పటి కోచ్ మార్కెజ్. మనది ఓడిపోయిన జట్టు కాదు, చెదిరిపోయిన జట్టు.

"ఆటగాళ్లకు క్లబ్ మీద విశ్వాసం లేదు, కష్టకాలంలో వదిలిపెట్టి పోయారు" అని గచ్చిబౌలిలో ఒకాయన నాతో అన్నడు. ఈ మాట దగ్గర నేను కాసేపు ఆగుతా, ఎందుకంటే ఇది నాకు బాగా తెలిసిన మాట. పీహెచ్‌డీ పట్టా చేతిలో పెట్టుకుని ఒక కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా పీరియడ్ లెక్కన పాఠం చెప్పిన రోజుల్లో, ఐదు నెలలు పైసా రాకపోతే అడిగినందుకు నాకు ఇదే పాఠం చెప్పారు: "పిల్లల భవిష్యత్తు చూడాలె సార్, జీతం వెనకాముందు వస్తది." విశ్వాసం అనేది ఎప్పుడూ జీతం తీసుకునేవాడి వైపు నుంచే అడుగుతారు. ఇచ్చేవాడి వైపు నుంచి ఎవరూ అడగరు. మన తాతలు జీతగాళ్లుగా ఉన్న ఇండ్లల్లో కూడా విశ్వాసం అంటే అదే అర్థం.

ఫుట్‌బాల్ ఆటగాడికి మాత్రం ఒక ఆయుధం ఉంది. ఫిఫా నిబంధనల్లో 14 బిస్ అనే అధికరణం. క్లబ్ రెండు నెలల జీతం ఎగ్గొడితే, ఆటగాడు రాతపూర్వకంగా నోటీసిచ్చి, కట్టడానికి కనీసం 15 రోజుల గడువిచ్చి, అప్పటికీ రాకపోతే న్యాయమైన కారణంతో ఒప్పందం తెంచుకోవచ్చు. ఒప్పందం ఉల్లంఘించిన వాడు ఆటగాడు కాదు, క్లబ్ అవుతది. గెస్ట్ లెక్చరర్లకు, పారిశుధ్య కార్మికులకు, అవుట్‌సోర్సింగ్ నర్సులకు ఇట్లాంటి 14 బిస్ ఒకటి ఉంటే ఎట్లుంటదో ఊహించండి. రెండు నెలలు జీతం రాలేదు, నోటీసు, 15 రోజులు, పక్క సంస్థలో చేరిక. యూనియన్ మీటింగుల్లో పనికొస్తది, రాసిపెట్టుకోండి.

అయితే ఆ ఆయుధం అందరి చేతిలో ఒకేలాగ పనిచేయదు. పేరున్న ఆటగాడికి బెంగళూరు తలుపు తెరిచి ఉంటది. పందొమ్మిదేళ్ల పిల్లవాడికి నోటీసు ఇవ్వడానికి వకీలు ఎవరు? పోతే తీసుకునేదెవరు? అందుకే ఈ సీజన్ చివర్లో మైదానంలో ఉన్నోళ్లు ఎక్కువమంది పిల్లలు. వయనాడ్ నుంచి అలెక్స్ సాజి, మలప్పురం నుంచి అబ్దుల్ రబీహ్, మిజోరాం నుంచి రాంలున్‌చుంగా, మణిపూర్ నుంచి మకన్ చోతే. మార్చిలో చెన్నై పోయి 1-0తో గెలిచింది వీళ్లే, సీజన్ మొత్తానికి అదొక్కటే గెలుపు. 43 గోల్స్ ఇచ్చుకున్న డిఫెన్స్ అని నవ్వేవాళ్లు, ఆ డిఫెన్స్ ముందు వారం వారం ఎవరు మిగిలారో కూడా చూడాలె. నా లెక్కలో ఈ సీజన్‌లో మెచ్చుకోదగ్గది కోచ్ తంగ్‌బోయ్ సింగ్టో చేసిన పని. బెంచీ మీద కూర్చోబెట్టడానికి సరిపడా మందిని కూడగట్టడమే ఒక పనైపోయిన జట్టును ఆయన 22 మ్యాచ్‌లు ఆడించిండు.

చింగ్లెన్‌సానా గురించి ఒక మాట చెప్పకుండా ఈ జాబితా దాటలేను. 2023 మే 3న హైదరాబాద్ ఎఫ్‌సీ కోజికోడ్‌లో మోహన్ బగాన్‌తో ఏఎఫ్‌సీ కప్ ప్లే-ఆఫ్ ఆడుతోంది. అదే రోజు మణిపూర్‌లో మంటలు మొదలయ్యాయి. మ్యాచ్ అయ్యాక ఫోన్ చూసుకుంటే ఆయన ఇల్లు కాలిపోయింది. చురాచాంద్‌పూర్‌లో పిల్లల కోసం ఆయన కట్టుకున్న ఫుట్‌బాల్ టర్ఫ్ కూడా కాలిపోయింది. తల్లిదండ్రులు సహాయ శిబిరానికి చేరారు. ఆ మనిషి మళ్లీ వచ్చి జనవరి దాకా ఈ క్లబ్‌కు డిఫెన్స్ కాసిండు. విశ్వాసం గురించి మాట్లాడిన ఆ గచ్చిబౌలి పెద్దమనిషికి ఈ సంగతి చెప్తే, "అవునా" అన్నడు, అంతే.

గచ్చిబౌలి అంటే గుర్తొచ్చింది. అప్పట్లో ఈ జట్టు ఇంటి మైదానం పేరేంది? అందరూ "గచ్చిబౌలి స్టేడియం" అంటారు. గోడ మీద ఉన్న పేరు జి.ఎం.సి. బాలయోగి స్టేడియం. కోనసీమ నుంచి పోయి 1998లో లోక్‌సభ స్పీకర్ కుర్చీలో కూర్చున్న తొలి దళితుడు. 2002 మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయిండు. టికెట్ మీద అచ్చయినా నోట్లో నిలవని పేరు అది. మ్యాచ్‌కు పోయినప్పుడు ఆటోలో "బాలయోగి స్టేడియం" అని చెప్పి చూడండి. డ్రైవర్ అన్న మిమ్మల్ని మళ్లీ అడుగుతడు.

ఇక అసలు ప్రశ్న. ఆ చాంపియన్ జట్టులో ముఖ్యులను మళ్లీ లెక్కపెట్టండి. గోవా, యూపీ, సిక్కిం, మణిపూర్, బెంగాల్, మహారాష్ట్ర, స్పెయిన్, బ్రెజిల్, నైజీరియా. తెలుగు నేల? లేదు. పేర్లు చూసి ఎవరిది ఏ కులమో వెతికే పని నేను చేయను, మీరూ చేయొద్దు, అది మన పద్ధతి కాదు. కానీ నేల గురించి అడగొచ్చు. ఎందుకంటే ఇది ఫుట్‌బాల్ తెలియని నేల కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. దాన్ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన కోచ్‌గా 1951, 1962 ఏషియాడ్ బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చాయి. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టిండు. చివరి రోజులు బెంగాల్‌లోని ఉత్తరపాడాలో గడిపి, 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలో కన్నుమూసిండు. ఆటగాళ్లను ఎగుమతి చేసిన ఊరు ఇప్పుడు పూర్తిగా దిగుమతి మీద బతుకుతోంది.

ఈ మార్పు ఒక్క కారణంతో జరగలేదు. అయినా నాకు పెద్దగా కనపడేది ఒకటుంది. పోలీస్, రైల్వే, మిలిటరీ లాంటి డిపార్ట్‌మెంట్ జట్లు ఆటగాడికి కొలువిచ్చేవి. బస్తీ పిల్లవాడు ఆడితే ఇంట్లో తిట్టకపోవడానికి ఆ కొలువే కారణం. ఇప్పుడు ఆ దారి సన్నబడింది. దాని స్థానంలో వచ్చింది ఫీజు కట్టే అకాడమీ, గంటకింత అని కిరాయికిచ్చే టర్ఫ్. మా బస్తీలో పిల్లలు ఆడుకునే జాగాలో ఇప్పుడు ఫంక్షన్ హాల్ ఉంది. టర్ఫ్‌కు పైసలు లేని పిల్లవాడు ఎంత బాగా ఆడినా స్కౌట్ కంట్లో పడేది ఎక్కడ?

ఆడపిల్లల సంగతి ఇంకా ఘోరం. నిజామాబాద్ జిల్లా లంబాడీ బిడ్డ గుగులోతు సౌమ్య దేశం తరఫున ఆడుతోంది. క్రొయేషియాలో డినామో జాగ్రెబ్ దాకా పోయొచ్చింది. క్లబ్ ఫుట్‌బాల్ కోసం కేరళలో గోకులం జట్టుకు పోవలసి వచ్చింది. గచ్చిబౌలికి నిజామాబాద్ బస్సులో నాలుగు గంటల దూరం.

"అయితే జట్టులో రిజర్వేషన్ అడుగుతారా" అని ఎకసెక్కాలాడేవాళ్లు వస్తారు, రానీయండి. నేను అడిగేది పదకొండు మందిలో కోటా కాదు. విదేశీయులకు ఇప్పటికే కోటా ఉంది. 2023-24లో జట్టులో ఆరుగురికి మించొద్దు, వాళ్లలో ఒకరు ఆసియా నుంచి రావాలె, మైదానంలో ఒకేసారి నలుగురికి మించొద్దు అనేది నిబంధన. ఆ నిబంధన పెట్టినప్పుడు ప్రతిభ చచ్చిపోయిందని ఎవరూ ఏడవలేదు. అట్లాంటప్పుడు క్లబ్ లైసెన్స్ ఇచ్చేముందు, "మీ ఊళ్లో ఎన్ని సర్కారు బడులకు కోచ్‌ను పంపారు, ఎన్ని గురుకులాల్లో ట్రయల్స్ పెట్టారు, మహిళా జట్టు ఏది" అని అడగడానికి అడ్డమేంది?

సీజన్ తర్వాత రోస్టర్ మీద నా మాట అడిగిన తమ్ముళ్లకు ఇదీ నా జవాబు: అలెక్స్ సాజిని, రబీహ్‌ను, మకన్ చోతేను, రాంలున్‌చుంగాను ఎట్లాగైనా నిలుపుకోవాలె. జోవావ్ విక్టర్ ఉంటానంటే ఇంకో ఏడాది ఉంచుకోవాలె. గోల్ కొట్టే మనిషి కావాలె, 22 మ్యాచ్‌లకు 10 గోల్స్ అంటే ముందర ఎవరూ లేనట్టే. వీటన్నిటికంటే ముందు బకాయిలు కట్టాలె, లేకపోతే ఇప్పుడు చెప్పిన పేర్లు కూడా వచ్చే జనవరికి ఇంకో ఊరి చొక్కాలో కనపడతాయి.

13వ భాగం వచ్చే ఆదివారం: గురుకులాల పీఈటీలు, వాళ్ల పోస్టులు. అక్కడ పనిచేసే మిత్రులు శుక్రవారం లోపు నాకు ఫోన్ చేయండి, పేర్లు రాయను.

జై భీమ్.